ప పైన సందు

మార్కాపురంలో పలకల షెడ్ల వెనక
మా అంగన్‌వాడీ ఒకటే గది.
తలుపు తీసేసరికి బూడిదరంగు పొడి
మాకంటే ముందొచ్చి చాప మీద కూర్చుని ఉంటుంది.
ఆయా తిరుపాలమ్మ ఊడుస్తుంది.
మళ్లీ వస్తుంది.
ఆ పొడిలోనే వేలితో మొదటి గీత గీయిస్తాను.

ఒంగోలు నుంచి తెచ్చిన చార్టులో
ఓ అంటే ఓడ.
సముద్రం ఎరగని పద్దెనిమిది మంది
దాన్ని ఎగాదిగా చూసి
"ఓ... నీళ్ల ట్యాంకరు" అన్నారు.
మూడు రోజులకోసారి వీధిలోకి వచ్చేది అదే కదా,
నేనూ ఒప్పుకున్నాను.

చెన్నకేశవులు అన్నీ గడగడా చెప్తాడు.
అ అమ్మ, ఆ ఆవు, ఇ ఇల్లు, ఈ ఈగ.
సూపర్‌వైజరమ్మ వస్తే వాడినే ముందు నిలబెడతాను.
ఒక మంగళవారం బొమ్మల మీద పాత పేపరు అంటించి
అక్షరాలు మాత్రం వదిలాను.
గదంతా గప్‌చుప్.
చెన్నడు లేచొచ్చి, పేపరు అంచు పైకెత్తి,
కిందున్న ఈగను చూసుకుని
"ఈ!" అన్నాడు.

ఇన్నాళ్లూ నేను నేర్పింది
బొమ్మల పేర్లు.
ఆ రాత్రి అన్నం సయించలా.

కాశింబి సంగతి వేరు.
జూన్‌లో చేరింది. పిలిస్తే పలకదు.
హాజరులో తన పేరొస్తే
పక్కవాళ్లు "ఉంది టీచర్" అంటారు,
తను గోడ వంక చూస్తుంది.
వాళ్లమ్మ మస్తానమ్మ ఉలి పక్కన పెట్టి చెప్పింది:
"ఇంట్లోనూ అంతేనమ్మా.
నేను రాయి పొర విప్పేటప్పుడు మాత్రం
పక్కన కూచోని చెవి పెట్టి ఇంటది.
యాడ చీలుద్దో నాకంటే ముందు దానికే తెలుసుద్ది."

కిట్టులో వచ్చిన పలకలు ప్లాస్టిక్‌వి.
పలకల ఊరికి ప్లాస్టిక్ పలకలు.
మస్తానమ్మ నవ్వలా.
మర్నాడు గోతంలో పద్దెనిమిది ముక్కలు తెచ్చి పెట్టింది,
మూల విరిగి అమ్మకానికి పనికిరానివి,
పిల్లల వేళ్లు తెగకుండా అంచులు అరగదీసి.

వాటి మీద మళ్లీ మొదలుపెట్టాను.
గుణింతం లేని మాటలు. తల. కల. వల.
"వ, ప ఒకటేగా టీచర్?"
కాదు నాయనా.
వ ఇంటికి కప్పు గోడకి ఆనుకుని ఉంటుంది, వాన పడదు.
ప కి కప్పుకీ గోడకీ మధ్య సందు.
ఆ సందులోంచి గాలొస్తుంది, కావాలంటే
అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని అను.
అందరూ ప ప ప అని ఊదుకున్నారు.
సగం మంది ఉమ్ముకున్నారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, గుడ్లు ఉడుకుతుండగా,
బొమ్మ లేకుండా, ముందు చెప్పకుండా,
కాశింబి ముక్క మీద మూడక్షరాలు రాసిచ్చాను.
తన వేలు ఒక్కోదాని మీద ఆగింది,
అమ్మ ఉలి ఆనించే చోటు వెతికినట్టు.
ప.
ల.
క.
విడివిడిగా మూడు రాళ్లు.
కాసేపు ఏమీ లేదు. కుక్కర్ ఒక విజిల్ వేసింది.
తర్వాత, తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు,
"పలక."

నా వైపు చూడలా.
చేతిలో ఉన్నదాన్ని తిప్పి వెనక చూసింది,
ఎవరు దాక్కుని చెప్పారో అని.
మళ్లీ ముందుకు తిప్పింది.
అక్షరాలు అక్కడే ఉన్నాయి.
"పలక మీద పలకే ఉంది" అంది.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
బరువుకి గడి ఉంది. ఎత్తుకి ఉంది.
జబ్బ చుట్టుకొలత, పాలు ఎన్ని, గుడ్లు ఎన్ని.
దీనికి మాత్రం గడి లేదు.
గుడ్లు పద్దెనిమిది అని రాసి
పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను.

మర్నాడు హాజరు పిలిచాను.
కాశింబీ.
పలకలా.
విరిగిన ముక్క తలపైకెత్తి పట్టుకుంది.
తనే రాసింది, పెద్దగా, వంకరగా:
వలక.
సందు మూసి కప్పు గట్టిగా వేసేసింది.
బయట మబ్బు పట్టి ఉంది మరి.
దిద్దలేదు నేను.
ఉంది అని టిక్కు పెట్టాను.